ఓడ మూతిన అధ్యక్షుడు

మనిషి బొమ్మను నిలబెట్టడానికి ఓడ మూతి కన్నా కఠినమైన చోటు ఇంకొకటి లేదు. కాళ్ల కింద నేల ఉండదు. ఆసరాగా వెనక ఒక దూలం మాత్రం ఉంటుంది. ఓడ కెరటాన్ని కొట్టినప్పుడల్లా మొదటి దెబ్బ ఆ బొమ్మకే తగులుతుంది. ఓడ రేవులో ఉంటే ఎండకు ఎండి, వానకు నాని, మళ్లీ ఎండుతుంది. అలాంటి చోట ఒక రాజకీయ నాయకుణ్ణి, అదీ చూసినవాళ్లు ఫలానా ఆయనేనని పోల్చుకునేలా, కొయ్యలో చెక్కి నిలబెట్టిన పనివాళ్లు ఉన్నారు. వాళ్ల పని గురించి ఎంత తెలుసుకుంటే అంత గౌరవం పెరుగుతుంది.

తెరచాప ఓడల ముందు నిలిపే ఈ చెక్కబొమ్మను ఫిగర్‌హెడ్ అంటారు. ఎక్కువ ఓడల మీద సింహాలు, గ్రీకు దేవతలు, పేరులేని స్త్రీమూర్తులు కనిపిస్తారు. అవి చెక్కేవాడికి కొంత వెసులుబాటు ఉంది. సముద్రదేవుడి ముక్కు ఇలా ఉండదని ఎవరూ తప్పు పట్టరు. నాయకుడి సంగతి వేరు. ఆయన ముఖం పత్రికల్లో, అచ్చుబొమ్మల్లో, నాణేల మీద అందరికీ తెలుసు. రేవులో నిలబడిన ప్రతివాడూ పరీక్షకుడే. పైగా ఆ పరీక్షకుల్లో సగం మందికి ఆ నాయకుడంటే గిట్టకపోవచ్చు. అమెరికా యుద్ధనౌక కాన్‌స్టిట్యూషన్ మీద 1834లో నిలిపిన అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ బొమ్మ కథంతా ఈ ఇబ్బందిలోంచి పుట్టిందే. ఆ కథలోకి వెళ్లే ముందు బొమ్మ నిలిచే చోటు ఎలాంటిదో, బొమ్మ ఎలా తయారవుతుందో చూడాలి. అవి తెలియకపోతే కథ వట్టి వింతగా మిగిలిపోతుంది.

ఓడ ముందు భాగాన్ని మన పడవలవాళ్లు అణియం అంటారు. ఓడ అడుగున పొడవునా పరుచుకున్న వెన్నుదూలం అణియం దగ్గర పైకి లేచి నిలువుదూలమవుతుంది. ఆ నిలువుదూలానికి ముందు అనేక కొయ్యముక్కల్ని బోల్టులతో బిగించి, నీటిని చీల్చుకుంటూ పోయే సన్నని ముక్కులాంటి కట్టడాన్ని తయారుచేస్తారు. దానిపైన ఏటవాలుగా ముందుకు పొడుచుకు వచ్చే బలమైన కొయ్య పేరు బౌస్ప్రిట్. ముందు తెరచాప స్తంభాన్ని పట్టి ఉంచే మోకులు దీనికే కట్టి ఉంటాయి. గాలి తెరచాపల్ని లాగినప్పుడు ఆ మోకులు బౌస్ప్రిట్‌ను పైకి ఎత్తబోతాయి. అది లేచిందంటే స్తంభాలన్నీ వదులవుతాయి. అందుకని దాన్ని రెండు చోట్ల కిందికి కట్టిపడేస్తారు. మొదటిది ఆ ముక్కు కట్టడంలో చేసిన రంధ్రాల గుండా తిప్పితిప్పి చుట్టిన లావుపాటి కట్టు. రెండోది బౌస్ప్రిట్ చివర నుంచి నీటిమట్టం దగ్గరి దాకా దిగే బిగువైన మోకులు, లేదా గొలుసులు.

ఇంత బిగింపు మధ్య, బౌస్ప్రిట్ కింద, ముక్కు కొసన, కొంచెం ఖాళీ మిగులుతుంది. బొమ్మ చోటు అదే. కాబట్టి బొమ్మ ఎంత ఎత్తుండాలో శిల్పి చెప్పడు, బౌస్ప్రిట్ వాలు చెబుతుంది. చేతులు ఎటు చాపాలో మోకుల దారి చెబుతుంది. బొమ్మ వీపు నుంచి కాళ్ల దాకా లోతైన గాడి తీస్తారు. ముక్కు కొసన ఉన్న దూలం ఆ గాడిలో కూర్చుంటుంది. అంటే బొమ్మ దూలం ముందు నిలబడదు, దూలాన్ని కాళ్ల మధ్య ఇరికించుకుని నిలబడుతుంది. అటూ ఇటూ బోల్టులు దిగుతాయి. పాదాల దగ్గర మొదలైన లతల చెక్కడం రెండు పక్కల పలకల మీదుగా వెనక్కి పాకి ఓడ ఒంట్లో కలిసిపోతుంది. దూరం నుంచి చూస్తే బొమ్మ ఓడలోంచి మొలిచినట్టు ఉంటుంది, తగిలించినట్టు ఉండదు. ఆ భ్రమను కల్పించేది ఈ పక్కపలకలే. వీటిని ఎవరూ పొగడరు. మంచి పనివాడు మాత్రం బొమ్మకు పెట్టినంత శ్రద్ధ వీటికీ పెడతాడు.

ఇక కొయ్య. పాత యూరప్ ఓడల బొమ్మలకు ఓక్, ఎల్మ్ వాడేవాళ్లు. గట్టివే గానీ బరువు. ఓడ కొట్టకొసన బరువు పెరిగితే కెరటాల్లో మూతి ఎక్కువగా ముంచుకుంటుంది. ముక్కు కట్టడం మీద లాగుడు పెరిగి బోల్టులు కదులుతాయి. అందుకే 18వ శతాబ్దం గడిచేకొద్దీ పైన్ వాడకం పెరిగింది. అమెరికా శిల్పులకు తెల్ల పైన్ చేతి దగ్గరే దొరికేది. తేలిక, మెత్తన. నార సమంగా ఉంటుంది కనుక ఉలి ఎటు తిప్పినా పెచ్చు లేవదు. దాని లోపం కూడా ఆ మెత్తదనంలోనే ఉంది. నీళ్లు తాగితే త్వరగా కుళ్లుతుంది. బొంబాయి రేవులో కట్టిన ఓడలకు టేకు వాడారు. టేకులో నూనె ఉంటుంది, నీటిని ఎదిరిస్తుంది. బదులుగా ఉలి అంచును తినేస్తుంది.

నిలువెత్తు మనిషి బొమ్మను ఒకే దుంగలోంచి చెక్కడం దండగ పని. దుంగ నడిమధ్య ఉండే మెత్తని భాగం చుట్టూ కొయ్య ఎండేకొద్దీ పగుళ్లు ఇస్తుంది. ముఖం మీద ఒక్క పగులు పడితే పోలిక పోయినట్టే. అందుకని ఆ నడిభాగాన్ని వదిలేసి, మంచి దిమ్మెల్ని పక్కపక్కన పేర్చి, జిగురు పట్టించి, కొయ్యచీలలూ బోల్టులూ దించి ఒక పెద్ద మొద్దును తయారుచేస్తారు. చేతులు, పట్టుకున్న వస్తువులు, ఎగిరే బట్ట అంచులు విడిగా చెక్కి తర్వాత అతుకుతారు. కొండపల్లి బొమ్మ చేతుల్ని వేరే చెక్కి చింతగింజల మక్కుతో అతికే పద్ధతి తెలిసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఉండదు. నార పొడవునా ఉన్న కొయ్యకే బలం. బయటికి చాచిన చెయ్యిని నిలువు దిమ్మెలోంచే చెక్కితే నార చేతికి అడ్డంగా పడి మొదటి తుఫానుకే విరుగుతుంది. విడిగా చెక్కితే నారను మోచేతి వెంట నడిపించవచ్చు.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. ఒంటి దిమ్మెల నార పాదాల నుంచి తల దాకా నిలువుగా ఉంటుంది. కాబట్టి నడినెత్తిన, భుజాల మీద కొయ్య కోసిన కొసలు ఆకాశం వైపు తెరుచుకుని ఉంటాయి. అవి వాననీటిని పీల్చుకుంటాయి. ఉప్పునీటి కన్నా ఈ వాననీరే బొమ్మకు ఎక్కువ చేటు. పనితనం ఎరిగిన శిల్పి జుట్టు పాయల్ని, అంగీ మడతల్ని నీళ్లు నిలవకుండా జారేలా చెక్కుతాడు. మనకు అందంగా కనిపించే మడతల్లో చాలావరకు నీళ్లు జారే కాలవలే. ఆపైన అతుకులన్నిటికీ లప్పం పెట్టి, అస్తరు పూసి, మందంగా రంగు వేస్తారు. ఆ రంగు పలచబడ్డాక మళ్లీ రంగు, దాని మీద మళ్లీ. పాత బొమ్మల మీద ఈ పొరలు ఎంత మందాన పేరుకుంటాయంటే కింద ఉన్న కనురెప్ప అంచు పైకి కనిపించదు.

చెక్కడంలో వరస ఇది. ముందు కాగితం మీద గీత, ఖర్చు అంచనా. పైవాళ్లు ఒప్పుకున్నాక మొద్దు మీద నడిమి గీత గీస్తారు. పని అయ్యేదాకా ఆ గీతను చెరగనివ్వరు. చెరిగినప్పుడల్లా మళ్లీ గీస్తారు. గొడ్డలితో, బాడిసతో పెద్ద పేళ్లు లేపి భుజం, నడుము, మోకాలు వచ్చే చోట్లను ఎత్తుపల్లాలుగా తెస్తారు. తర్వాత కొయ్యసుత్తితో పెద్ద ఉలులు, చివరికి చేతి ఒత్తిడితో చిన్న ఉలులు. వీపు గాడి ఓడకు సరిగ్గా కూర్చుంటుందో లేదో మధ్యలోనే చూసుకోవాలి, ముఖం పూర్తయ్యాక చూసుకుంటే ఆలస్యమైపోతుంది.

ముఖం అసలు పరీక్ష. గదిలో పెట్టే విగ్రహానికి పనికొచ్చే సున్నితమైన చెక్కడం ఇక్కడ కొరగాదు. చూసేవాడు కింద పడవలోనో, రేవుగట్టు మీదో, పక్క ఓడలోనో ఉంటాడు. అంత దూరానికి కనిపించేవి వెలుగు పడే చోటూ నీడ పడే చోటూ అంతే. అందుకని కనుబొమల కింద గుంటను ఉన్నదానికన్నా లోతుగా తవ్వుతారు, ముక్కు పక్కల గీతను గట్టిగా లాగుతారు, పెదాల మధ్య నీడ నిలిచేలా కోస్తారు. కింది నుంచి చూసేవాడికి గడ్డం పెద్దదిగా, నుదురు చిన్నదిగా కనబడుతుంది. దాన్ని సరిదిద్దడానికి తలను కొంచెం ముందుకు వంచాలి, నుదుటికి కొంచెం ఎక్కువ ఇవ్వాలి. దగ్గర నుంచి చూస్తే ఈ ముఖాలు కాస్త మొరటుగా ఉంటాయి. మ్యూజియంలో కళ్లెదుట నిలిపిన బొమ్మను చూసి మొరటు పని అనేసేవాళ్లు ఉంటారు. అది తప్పు తీర్పు. ముప్పై అడుగులు వెనక్కి జరిగి, కొంచెం కింద నిలబడి చూస్తే ఆ మొరటు గీతలే మనిషిగా మారతాయి.

ఇప్పుడు బోస్టన్. కాన్‌స్టిట్యూషన్ 1797 అక్టోబరు 21న అక్కడే నీళ్లలోకి దిగిన ఓడ. దాని మొదటి ఫిగర్‌హెడ్ రాజకీయ నాయకుడు కాదు, హెర్క్యులిస్. ఊహించింది ఫిలడెల్ఫియాలోని ప్రసిద్ధ శిల్పి విలియం రష్, చెక్కింది బోస్టన్‌లోని స్కిలిన్ సోదరులు. 1804లో ట్రిపోలీ దగ్గర ప్రెసిడెంట్ అనే సొంత పక్షపు ఓడే వచ్చి గుద్దుకోవడంతో హెర్క్యులిస్ దెబ్బతిన్నాడు. 1812 యుద్ధంలో బ్రిటిష్ నౌక గెరియర్‌ను ఓడించి ‘ఓల్డ్ ఐరన్‌సైడ్స్’ అని పేరు తెచ్చుకున్నప్పుడు ఆ మూతిన మనిషి బొమ్మే లేదు, చుట్టతిరిగిన కొయ్య చెక్కడం ఒక్కటే ఉంది. ఈ మాట గుర్తుంచుకోవాలి. బోస్టన్ జనం ప్రేమించిన ఓడకు ముఖం లేదు. ముఖం పెట్టడమే గొడవకు మూలమైంది.

1833 జూన్‌లో ఈ ఓడ మరమ్మతు కోసం చార్ల్స్‌టౌన్ నౌకాకేంద్రంలో కొత్తగా కట్టిన డ్రైడాక్‌లోకి, అంటే నీళ్లు తోడేసే మరమ్మతు రేవులోకి, చేరింది. అదే నెలలో అధ్యక్షుడు జాక్సన్ బోస్టన్ వచ్చాడు. జనం బాగానే ఆదరించారు, హార్వర్డ్ గౌరవ పట్టా ఇచ్చింది. నౌకాకేంద్రం అధికారి జెస్సీ డంకన్ ఎలియట్ ఓడకు జాక్సన్ బొమ్మ పెట్టిద్దామనుకుని, స్థానిక శిల్పి లేబన్ బీచర్‌కు పని అప్పగించాడు. బొమ్మ తయారయ్యేలోగా గాలి తిరిగింది. ఆ శరత్కాలంలో జాక్సన్ ప్రభుత్వ సొమ్మును బ్యాంక్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్‌లో జమ చేయడం మాన్పించాడు. బోస్టన్ వర్తకులకు అది చావుదెబ్బగా తోచింది. 1834 మార్చి 28న సెనేట్ అధ్యక్షుణ్ణి అభిశంసిస్తూ తీర్మానం చేసింది. సరిగ్గా ఆ రోజుల్లో బీచర్ పనిశాలలో పైన్ మొద్దులోంచి జాక్సన్ బయటికి వస్తున్నాడు. ఊళ్లో కరపత్రాలు పంచారు, ఎలియట్‌కు బెదిరింపులు వచ్చాయి. చివరికి అసంపూర్తి బొమ్మను నౌకాకేంద్రం గోడల లోపలికి తరలించి కాపలా మధ్య పూర్తి చేయించాల్సి వచ్చింది.

బీచర్ చేసిన బొమ్మ నిలువెత్తుది. కోటు మీద పైబట్ట, ఒక చేతిలో చుట్టిన పత్రం, మరో చేతిలో టోపీ. వేషం చూస్తే సభలో మాట్లాడబోతున్న పెద్దమనిషిలా ఉంటుంది గానీ, పనివాడి కంటితో చూస్తే ప్రతి వస్తువుకూ ఇంకో కారణం కనిపిస్తుంది. భుజాల నుంచి కిందికి దిగే పైబట్ట వీపు గాడినీ, దూలం కూర్చున్న చోటునూ కప్పేస్తుంది. బొమ్మ అడుగుభాగానికి వెడల్పునిచ్చి, రెండు కాళ్ల మీద పడాల్సిన బరువును బట్ట మడతల మీదికి పంచుతుంది. కత్తో జెండాకర్రో ఇస్తే మోకులకు తగిలేది, కెరటానికి విరిగేది. చుట్టిన పత్రమూ టోపీ ఒంటిని అంటిపెట్టుకుని ఉండే వస్తువులు. నాయకుడి హోదాకు తగ్గవీ, అణియానికి తగ్గవీ ఒకటే అయ్యేలా ఎంచడం ఎంత తెలివో నాకు ఈ బొమ్మ గురించి ఆలోచించేకొద్దీ అర్థమవుతూ వచ్చింది.

జాక్సన్ ముఖం శిల్పికి వరం. పొడుగాటి సన్నని ముఖం, లోపలికి పోయిన బుగ్గలు, వెనక్కి పడుకోక నిటారుగా లేచే దట్టమైన జుట్టు. ఈ మూడూ నీడల్లో పట్టుకోగల గుర్తులు. గుండ్రని మెత్తని ముఖమైతే దూరానికి మసకబారిపోయేది. జాక్సన్‌ను అణియం మీద పోల్చుకోవడానికి కళ్లు కూడా అవసరం లేదు, జుట్టు అంచు చాలు. ఆ పోలిక సరిగ్గా కుదరబట్టే దానిమీద కోపం అంతగా రగిలింది. అదే ఓడ వెనక భాగాన ఐజాక్ హల్, విలియం బెయిన్‌బ్రిడ్జ్, చార్ల్స్ స్టివర్ట్ అనే ముగ్గురు పాత కెప్టెన్ల బొమ్మల్ని కూడా ఆ మరమ్మతులోనే పెట్టారు. వాటి జోలికి ఎవరూ పోలేదు.

1834 జూలై 2 రాత్రి ఉరుములతో వాన. శామ్యూల్ డ్యూయీ అనే సరుకు ఓడల కెప్టెన్ చిన్న పడవలో వచ్చి, రెండు పెద్ద యుద్ధనౌకల మధ్య కట్టి ఉన్న కాన్‌స్టిట్యూషన్ మూతి మీదికి ఎక్కి, రంపంతో జాక్సన్ తల కోసి పట్టుకుపోయాడు. కాపలావాళ్లకు తెలియలేదు. దీన్ని జనం సాహసంగా చెప్పుకుంటారు, సాహసమే కూడా. కానీ ఆ పని ఎలా సాధ్యమైందో ఓడ కట్టడమే చెబుతుంది. బొమ్మ ఓడ పైతట్టుకు దిగువన, బౌస్ప్రిట్ నీడలో ఉంటుంది కనుక పైన తిరిగే కాపలావాడికి ఆనదు. బౌస్ప్రిట్‌ను కిందికి లాగిపట్టే మోకులే ఎక్కేవాడికి నిచ్చెన. నడుము దగ్గర దూలం, బోల్టులు ఉన్నాయి కాబట్టి అక్కడ రంపం సాగదు. భుజాల పైన దూలం ఉండదు, బొమ్మ మొత్తంలో సన్నని చోటు అదే. కోయాల్సింది మెత్తని పైన్. రంపం చప్పుడును ఉరుములు మింగేశాయి. ఓడల్ని ఎరిగినవాడు చేసిన పని అది.

తెల్లారాక తలలేని అధ్యక్షుడు కనిపించాడు. బొమ్మను కప్పేశారు. కోసిన తల బోస్టన్ సత్రాల్లో, సభల్లో చేతులు మారింది. చివరికి డ్యూయీ తానే దాన్ని తీసుకెళ్లి నౌకాశాఖ మంత్రి మేలన్ డికర్సన్‌కు అప్పగించాడు. ఆయన పుస్తకాల అల్మరాలో అది చాలా ఏళ్లు ఉంది.

ఓడ తలలేని బొమ్మతోనే 1835లో న్యూయార్క్ వెళ్లింది. అక్కడ డాడ్జ్ అండ్ సన్ అనే శిల్పుల సంస్థ కొత్త తల చేసింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చే పనివాళ్లు వీళ్లే. మరొకరు ఊహించి చెక్కిన ఒంటికి తల చేయడం అంటే ఎంత కష్టమో ఆలోచించండి. ముందు రంపం తెంపిన చోటును సమంగా చదును చెయ్యాలి. తడిసిన కొయ్య ఎంత లోతు దాకా చెడిందో చూసుకోవాలి. కొత్త దిమ్మె నార పాత మెడ నారకు వరసలో పడాలి, లేకపోతే ఎండకు రెండూ వేర్వేరుగా కుంచించుకుని అతుకు నోరు తెరుస్తుంది. నడిమధ్య బలమైన చీల దిగాలి. వీటన్నిటి తర్వాత బీచర్ తలను ఏ వంపుతో నిలిపాడో భుజాల తీరును బట్టి కనుక్కోవాలి. మెడ ఒక్క వేలెడు పక్కకు తిరిగినా మొత్తం మనిషి అబద్ధమైపోతాడు. ఆ కాలపు వేషం ఈ పనికి కొంత సాయం. ఎత్తైన కాలరు, మెడకు చుట్టిన గుడ్డ అతుకును దాచడానికి సృష్టించినట్టే ఉంటాయి. బీచర్ ఒళ్లు, డాడ్జ్ తల కలిసిన ఆ బొమ్మ ఇప్పుడు మ్యూజియం ఆఫ్ ది సిటీ ఆఫ్ న్యూయార్క్‌లో ఉంది.

1840ల్లో బోస్టన్‌లోని ఫౌల్ శిల్పులు కాన్‌స్టిట్యూషన్‌కే ఇంకో జాక్సన్‌ను చెక్కారు. ఆ ఓడ మూతిన ఈ రెండో బొమ్మ ఎవరి రంపమూ సోకకుండా దశాబ్దాలు నిలిచింది. ఇష్టంలేని చోట ఒక నాయకుడి ముఖం కాలం గడిచేకొద్దీ ఓడలో భాగమైపోయింది. 1870ల మరమ్మతులో దాన్ని దించి అనాపొలిస్‌లోని నౌకా అకాడమీకి ఇచ్చారు. ఓడ మళ్లీ చుట్టతిరిగిన కొయ్య చెక్కడానికే వచ్చింది.

ఓడ మూతిన నాయకుడికి శాస్తి జరగడం ఇదే మొదలు కాదు. ఇంగ్లండ్‌లో రాజును తీసేసి ఆలివర్ క్రామ్‌వెల్ ఏలిన రోజుల్లో నేజ్‌బీ అనే పెద్ద ఓడ కట్టారు. 1655లో దాన్ని చూసిన జాన్ ఈవ్లిన్ తన దినచర్యలో మూతి బొమ్మ వివరాలు రాసుకున్నాడు. గుర్రం మీద క్రామ్‌వెల్, గుర్రం డెక్కల కింద ఆరు జాతుల మనుషులు, తల మీద లారెల్ ఆకుల దండ పట్టిన కీర్తిదేవత. ఆ ఆరుగురు ఎవరెవరో వేషాల్ని బట్టే పోల్చుకోవచ్చని ఈవ్లిన్ అంటాడు. ఇందులో శిల్పి ఎంచుకున్న దారి బోస్టన్ దారికి పూర్తిగా వేరు. 17వ శతాబ్దపు ఓడల ముక్కు పొడుగ్గా, దాదాపు పడుకున్నట్టు ముందుకు సాగేది. నిలబడిన మనిషికి అక్కడ చోటు చాలదు, ముందుకు దూకే గుర్రానికి మాత్రం చక్కగా అమరుతుంది. ఆరుగురిని ఒక్కొక్క ముఖంతో గుర్తుపట్టించడం కుదరదు కనుక టోపీతో, బట్టతో చెప్పించాడు. కింద నలిగే మనుషులే గుర్రం కడుపుకు ఆసరా అవుతారు. కథ చెప్పేవీ బరువు మోసేవీ ఒకటే.

1660లో రాజరికం తిరిగొచ్చినప్పుడు ఇదే ఓడకు రాయల్ చార్ల్స్ అని పేరు మార్చి, రెండో చార్ల్స్ రాజును హాలండ్ నుంచి ఇంగ్లండ్‌కు తెచ్చారు. పేరు చెరపడం ఒక పూట పని. బొమ్మ తీయడానికి మూడేళ్లు పట్టింది. 1663 డిసెంబరులో దాన్ని దించి తగలబెట్టడం గురించి, దాని స్థానంలో నెప్ట్యూన్‌ను పెట్టడానికయ్యే ఖర్చు గురించి శామ్యూల్ పెపీస్ అసహనంగా రాసుకున్నాడు. నౌకాశాఖలో లెక్కలు చూసేవాడు కనుక ఆయనకు పట్టింది డబ్బే. 1667లో డచ్చివాళ్లు ఆ ఓడను పట్టుకుపోయారు. దాని వెనక భాగపు చెక్కడం ఈనాటికీ ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో ఉంది. మూతి బొమ్మ ఏదీ మిగల్లేదు.

మన వైపు నుంచి వెళ్లిన బొమ్మ ఒకటి గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఉంది. 1819లో బొంబాయిలో కట్టిన సెరింగపటమ్, అంటే శ్రీరంగపట్నం, అనే యుద్ధనౌకది. తలపాగా పెట్టిన మనిషి పెద్ద పక్షి మీద కూర్చుని గొడుగు పట్టుకుని ఉంటాడు. అతను టిప్పు సుల్తానని చెప్పుకుంటారు. టిప్పు 1799లో ఆ కోటలోనే పోరాడి చనిపోయాడు. గెలిచినవాళ్లు తమ ఓడకు ఆ ఊరి పేరు పెట్టుకుని, ఓడినవాణ్ణి దాని మూతిన కూర్చోబెట్టారన్నమాట. టిప్పు సింహాసనం పైన ఉన్న రత్నాల హుమా పక్షి అప్పటికే ఇంగ్లండ్ రాజుగారి సొత్తయింది. బొమ్మలోని పక్షిని చూసినప్పుడు నాకు అదే తలపుకు వస్తుంది. ముఖపోలిక కోసం ఇక్కడ ప్రయత్నమే లేదు. పక్షి, గొడుగు, తలపాగా ఈ మూడూ కలిసి రాజు అని చెబుతాయి. పక్షిని వాహనంగా ఎంచడంలో నేర్పుంది. రెక్కలు అణియం రెండు వైపులా వెనక్కి వాలి ఓడ పక్కల్లో కలిసిపోగలవు, అంటే లతల పలకలు చేసే పనిని రెక్కలే చేస్తాయి.

ఈ బొమ్మలన్నిటికీ రాజకీయం కన్నా పెద్ద శత్రువు వాననీరు. డెలావేర్ అనే అమెరికా యుద్ధనౌకకు విలియం ల్యూక్ చెక్కిన టమనెండ్ బొమ్మ అనాపొలిస్ అకాడమీ ఆవరణలో ఏళ్ల తరబడి ఆరుబయట నిలిచింది. టమనెండ్ లెనాపే జాతి నాయకుడు, విలియం పెన్‌తో ఒప్పందం చేసుకున్నవాడు. విద్యార్థులు మాత్రం ఆయన్ను టెకుమ్సే అని వేరే పేరుతో పిలుచుకుంటారు, పరీక్షలకు ముందు నాణేలు విసిరి దణ్ణం పెట్టుకుంటారు. ఎండావానలకు కొయ్య పాడవుతుంటే దాని అచ్చు తీసి కంచులో పోతపోశారు. పాత కొయ్యలోంచి కొన్ని ముక్కల్ని తీసి ఆ కంచు బొమ్మ లోపల పెట్టి మూసేశారు. అసలు కొయ్యబొమ్మను ఇంటి కప్పు కిందికి చేర్చారు.

ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో 2020లో తెరిచిన ది బాక్స్ మ్యూజియంలో 14 నౌకాదళపు ఫిగర్‌హెడ్‌లు ఉన్నాయి. వాటిలో రాయల్ విలియం ఓడది నాలుగో విలియం రాజు నిలువెత్తు బొమ్మ. ఎత్తు 13 అడుగులు, బరువు రెండు టన్నుల పైనే. ఈ బొమ్మల్ని బాగుచేయడానికి తీసుకున్నప్పుడు కొన్నిటి లోపల కొయ్య నానిన బొంతలా ఉంది. పైకి రంగు చక్కగానే ఉంది. వెనకటి తరం మంచి ఉద్దేశంతోనే కొన్నిటికి ఫైబర్‌గ్లాస్ తొడుగు వేసింది. ఆ తొడుగు లోపలి తేమను బయటికి పోనివ్వలేదు. బొమ్మను కొయ్యకుండా లోపల ఎంత కుళ్లిందో తెలుసుకోవడానికి బతికున్న చెట్లను పరీక్షించే పద్ధతినే వాడారు. బొమ్మ చుట్టూ గ్రాహకాలు అమర్చి, ఒక చోట చిన్నగా తట్టి, ఆ చప్పుడు మిగతా చోట్లకు ఎంతసేపట్లో చేరిందో కొలుస్తారు. గట్టి కొయ్యలో చప్పుడు వేగంగా పోతుంది, కుళ్లిన చోట ఆలస్యమవుతుంది. ఆ కొలతల్ని కలిపితే లోపలి పటం వస్తుంది. తర్వాత నెలల తరబడి నెమ్మదిగా ఆరబెట్టారు. తొందరపడి ఆరబెడితే పైపొర ముందు కుంచించుకుని పగుళ్లిస్తుంది. కుళ్లిన భాగం తీసేసిన చోట కొత్త కొయ్యను అతకడంలో మళ్లీ అదే పాత జాగ్రత్త. కొత్త ముక్క నార పాతదాని నార వెంటే పోవాలి.